తెగిన ముక్కని ముందు చదవండి: బీఓపీపీ లైన్ మళ్ళీ ఎక్కించే పద్ధతి

ప్యాకింగ్‌కి వాడే పల్చటి ప్లాస్టిక్ ఫిలిం తయారుచేసే లైన్‌లో, ఆ ఫిలిం తెగిన చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు. తెగాక కారణం వెతికి, ఫిలింని మళ్ళీ లైన్ మీదికి ఎలా ఎక్కించాలో ఇక్కడ చెప్తాను. ఎనిమిది మీటర్ల వెడల్పున, నిమిషానికి నాలుగు వందల మీటర్ల వేగంతో పరిగెడుతున్న ఫిలిం ఓవెన్ లోపల ఫట్‌మంటుంది. వెంటనే హారన్ మోగుతుంది, స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు వస్తాయి, చివర ఫిలింని చుట్టే వైండర్ ఆగిపోతుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. కంట్రోల్ రూమ్‌లోకి పరిగెత్తి ఓవెన్ టెంపరేచర్ రెండు డిగ్రీలు పెంచడమో, తగ్గించడమో చేస్తారు.

ఆ పని చెయ్యకండి. ముందు తెగిన ముక్క తెచ్చి బల్ల మీద పరవండి. అది ఎక్కడ, ఎలా తెగిందో చూశాకే ఏ బటన్ అయినా నొక్కండి. హైదరాబాద్ చర్లపల్లిలో ప్లాస్టిక్స్ చదువు చెప్పే సంస్థ సీపెట్‌లో డిప్లొమా చేసి వెళ్ళిన నేను, పంతొమ్మిదేళ్ళుగా ఫిలింని సాగదీసే స్ట్రెచింగ్ సెక్షన్‌లోనే పని చేస్తున్నాను. కొత్తగా షిఫ్టులో చేరిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు చెప్పేది ఇదే. మిగతాదంతా దీని తర్వాతే.

ముందు లైన్ ఏం చేస్తుందో నాలుగు ముక్కల్లో. బిస్కెట్ ప్యాకెట్ పైపొర, చిప్స్ ప్యాకెట్, అట్టపెట్టెలకి వేసే టేపు, ఇవన్నీ ఎక్కువగా బీఓపీపీ ఫిలిమే, అంటే నిలువుకీ అడ్డానికీ రెండు వైపులా సాగదీసిన పాలీప్రొపిలీన్. ప్లాస్టిక్ దానా ఎక్స్‌ట్రూడర్‌లో కరిగి, ఫిల్టర్ దాటి, డై అనే పొడవాటి సన్నని చీలిక నుంచి వెడల్పాటి తెరలా దిగుతుంది. గాలిని ఊదే ఎయిర్ నైఫ్ ఆ తెరని చిల్ రోల్‌కి, అంటే చల్లటి పెద్ద రోలర్‌కి, ఒత్తిపెడుతుంది. చిల్ రోల్ కిందిసగం నీళ్ళ తొట్టిలో మునిగి ఉంటుంది కాబట్టి షీటు రెండు వైపులా చల్లారుతుంది. ఇది క్యాస్ట్ షీటు, దాదాపు మిల్లీమీటరు మందం. అక్కడి నుంచి ఎండీఓలోకి, అంటే నిలువుగా సాగదీసే భాగంలోకి, వెళ్తుంది. అక్కడ వేడి రోలర్ల మధ్య, నెమ్మదిగా తిరిగే రోలర్‌కీ వేగంగా తిరిగే రోలర్‌కీ నడుమ, నిలువునా ఐదు రెట్లు సాగుతుంది. తర్వాత టీడీఓ, అంటే ఓవెన్ లోపల అడ్డంగా సాగదీసే భాగం. రెండు అంచుల్నీ క్లిప్పులు కొరికి పట్టుకుంటాయి, క్లిప్పుల చైన్లు పట్టాల మీద నడుస్తాయి, ఆ పట్టాలు ఓవెన్ లోపల విసనకర్ర విప్పినట్టు విడిపోతాయి. అడ్డంగా తొమ్మిది రెట్లు సాగుతుంది.

ఒక లెక్క మనసులో పెట్టుకోండి, రోజూ పనికొస్తుంది. 900 మైక్రాన్ల షీటుని ఐదుతో భాగించి, మళ్ళీ తొమ్మిదితో భాగిస్తే 20 మైక్రాన్లు. క్యాస్ట్ షీటు మీద ఒక సెంటీమీటరు వెడల్పున ఉన్న తేడా బయటికి వచ్చేసరికి తొమ్మిది సెంటీమీటర్ల పట్టీ అవుతుంది. దీన్ని తిరగేసి వాడటమే తెగిన ముక్కని చదవడం. ఎలాగో కింద చెప్తాను.

ఇంకొకటి చేత్తో చూడాల్సింది ఉంది. లైన్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఎండీఓ బయట తుక్కులోకి వదిలిన ఫిలిం ముక్క ఒకటి తీసుకోండి. నిలువుగా లాగితే చేతులు నొప్పి పుడతాయి గానీ తెగదు. అడ్డంగా గోటితో కొంచెం గీరి లాగండి, తాటాకు చీలినట్టు జర్రున పై నుంచి కింద దాకా చీలిపోతుంది. నార నారగా విడిపోతుంది. అణువుల గొలుసులన్నీ ఒకే దిక్కుకి వరసలో నిలబడ్డాయన్నమాట, వాటి మధ్య అడ్డ బలం లేదు. ఈ స్థితిలో ఉన్న ఫిలింనే టీడీఓలో అడ్డంగా తొమ్మిది రెట్లు లాగబోతున్నాం. అందుకే అంచు మీద చిన్న గాటు ఉన్నా, మధ్యలో ఒక నల్ల నలుసు ఉన్నా, అక్కడే నోరు తెరుచుకుంటుంది. తెగేది టీడీఓలోనే అయినా కారణం పుట్టేది చాలాసార్లు వెనకాలే, డై దగ్గరో, తొట్టి దగ్గరో, ఎండీఓ రోలర్ మీదో.

ఇక తెగిన మొదటి నిమిషం. ఎండీఓ బయట కట్టర్ పడిందా, ఫిలిం తుక్కు దారిలోకి మళ్ళిందా చూడండి. పడకపోతే చేత్తో మళ్ళించాలి, లేదంటే టీడీఓ ఇన్‌లెట్‌లో చాప చుట్టినట్టు పేరుకుపోతుంది. ఎక్స్‌ట్రూడర్లు ఆపకండి. కరిగిన ప్లాస్టిక్ ఆగితే డైలో మాడుతుంది, మాడింది రేపటి నల్ల నలుసు అవుతుంది. వేగం తగ్గించి షీటుని నడవనివ్వండి. ఏదైనా రోలర్‌కి ఫిలిం చుట్టుకుంటే అది ఆగి, స్విచ్ లాక్ అయ్యాకే బ్లేడు తీయండి. తిరుగుతున్న రోలర్ దగ్గర బ్లేడు పట్టుకున్న చెయ్యి పెట్టడం నేను ఏ షిఫ్టులోనూ ఒప్పుకోను, ప్రొడక్షన్ ఎంత పోయినా సరే. మా లాంటి లైన్ పది నిమిషాలు ఆగితే ఆరు వందల కిలోల దాకా ఫిలిం పోతుంది, నిజమే. వేలు పోతే మాత్రం తిరిగి రాదు.

టీడీఓ ఔట్‌లెట్‌లో చైన్ నెమ్మదిగా నడుస్తుంటే తెగిన చివర బయటికి వస్తుంది. దాన్ని తుక్కు బండిలో పడెయ్యకండి. రెండు వైపులా అంచులతో సహా పట్టుకుని, ఎటు ఆపరేటర్ సైడో (మనం నిలబడే వైపు), ఎటు డ్రైవ్ సైడో (మోటార్లుండే వైపు) మార్కర్‌తో రాసి, బల్ల మీద పరవండి. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి.

చిరుగు నోరు, అంటే చిరుగు పుట్టిన చోటు, అంచు దగ్గర ఉంటే క్లిప్పుని చూడాలి. అంచులో క్లిప్పు పంటి గుర్తు పూర్తిగా ఉండి, దాని పక్కనే ఫిలిం చిరిగిందంటే అంచు మెత్తబడింది. క్లిప్పులు బాగా వేడెక్కిపోయాయి, తిరుగు దారిలో క్లిప్పుల మీదికి వచ్చే చల్లగాలి ఆగిందేమో చూడండి. పంటి గుర్తు సగమే ఉందా, అసలు లేదా? అంచు క్లిప్పులోకి సరిగ్గా వెళ్ళలేదు. ఇన్‌లెట్‌లో అంచుని వెతికి పట్టాని జరిపే సెన్సర్ కంటికి దుమ్ము పట్టడం, షీటు అటూ ఇటూ ఊగడం, లేదా పాత ఫిలిం పేలిక ఒకటి క్లిప్పు నోట్లో ఇరుక్కుని తిరుగుతూ ఉండడం, ఈ మూడింటిలో ఒకటి. ఈ మూడోదే ఎక్కువసార్లు మోసం చేస్తుంది. ఆ క్లిప్పు చైన్‌తో పాటు తిరిగి వచ్చినప్పుడల్లా అదే చోట జారుతుంది. రెండుసార్లు తెగిన టైముకీ చైన్ ఒక చుట్టు తిరిగే టైముకీ లెక్క కుదిరిందంటే క్లిప్పే దోషి.

చిరుగు మధ్యలో మొదలైతే నోటి దగ్గర ఏముందో భూతద్దంతో చూడండి. నల్లచుక్క ఉంటే డైలోనో ఎక్స్‌ట్రూడర్‌లోనో మాడిన పదార్థం. చేప కన్నులా తెల్లగా మెరిసే ముద్ద ఉంటే కరగని జెల్. దాన్ని ఫిల్టర్ ప్రెషర్‌తో పోల్చుకోండి. ప్రెషర్ పెరిగి పెరిగి ఒక్కసారిగా తగ్గి ఉంటే జాలీ చిరిగి మురికి దాటిందని అర్థం. అప్పుడు ఓవెన్‌ని ఎన్ని డిగ్రీలు తిప్పినా ఫలితం ఉండదు, ఫిల్టర్ మార్చాల్సిందే.

నోటి దగ్గర ఏమీ లేకపోయినా, చుట్టూ ఫిలిం మందంగా, కొంచెం పాలరంగులో, వేలికి గట్టిగా తగిలిందా? అక్కడ ఫిలిం చల్లగా ఉండిపోయి సాగలేదు. సాగని చోటు గట్టిగా నిలబడితే దాని పక్కది ఎక్కువ సాగి తెగుతుంది. ప్రీహీట్, అంటే సాగదీసే ముందు ఓవెన్‌లో ఇచ్చే వేడి, తక్కువైందని అనిపించేది ఇక్కడే. కానీ వేడి తక్కువైతే వెడల్పంతా అలాగే ఉండాలి. ఒక్కచోటే ఉందంటే కారణం వేరు.

ఆ వేరు కారణం నేను ఒక వానాకాలం రాత్రి నేర్చుకున్నాను. అప్పటికి నాకు లైన్‌లో రెండో ఏడు. రాత్రి పది నుంచి తెల్లారేలోపు ఫిలిం ఏడుసార్లు తెగింది. మొదట్లో తెగిన ప్రతిసారీ షిఫ్టు ఇన్‌ఛార్జి గారు ప్రీహీట్ ఒక్కో డిగ్రీ పెంచమన్నారు, పెంచాం. నాలుగోసారికి ఫిలిం మసకగా మారింది. ఓవెన్ కిటికీలోంచి టార్చి వేసి చూస్తే మధ్యలో కిందికి కుంగి గాలి నాజిళ్ళని తాకుతోంది. ఇంక పెంచడానికి లేదు. నేను ముక్కలు దాచి పెడుతూ వచ్చాను, ఎందుకో నాకే సరిగ్గా తెలియదు. ఐదోసారి తెగాక వాటిని వరసగా నేల మీద పరిచాను. చిరుగు నోరు అన్నింట్లోనూ ఆపరేటర్ సైడు అంచు నుంచి రెండుంపావు మీటర్ల దగ్గరే ఉంది. టేపుతో కొలిస్తే నాలుగు వేళ్ళ తేడా కూడా లేదు.

"అన్నా, ఇది ఓవెన్‌ది కాదు" అన్నాను మా సీనియర్ ఆపరేటర్‌తో. ఆయన ముక్కలవైపు చూసి, "తొమ్మిదితో భాగించరా" అన్నారు. రెండుంపావు మీటర్లని తొమ్మిదితో భాగిస్తే పాతిక సెంటీమీటర్లు. టార్చి పట్టుకుని చిల్ రోల్ దగ్గరికి వెళ్ళాం. షీటు తొట్టిలోంచి పైకి వచ్చేచోట, దాని మీది నీటిని పీల్చే నాజిల్ వరస ఉంటుంది. అంచు నుంచి జానెడు పైన ఒక నాజిల్ నోరు సున్నపు పొర కట్టి మూసుకుపోయింది. దాని కింద, షీటు మీద, కందిగింజంత నీటి చుక్కలు వరసగా కదిలిపోతున్నాయి. ఒక్కో చుక్కా ఎండీఓ మొదటి వేడి రోలర్ తగలగానే, పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్‌మని ఆవిరైపోతోంది. ఆవిరవుతూ అక్కడి వేడిని లాక్కుంటోంది. ఆ చోటు చల్లగా సాగి, చల్లగానే టీడీఓలోకి వెళ్తోంది. తీగ ముక్కతో నాజిల్ గీకాం, ప్రీహీట్‌ని మొదటి అంకెకి తెచ్చాం. వేడి దిగేలోపు ఇంకో రెండుసార్లు తెగింది, కానీ ఆ రెండూ కుంగిన ఫిలిం నాజిళ్ళకి తగిలి తెగినవి, చిరుగు ఎక్కడంటే అక్కడ ఉంది. తర్వాత తెల్లారేదాకా లైన్ నడిచింది. అన్నయ్య ఆ రోజు తొమ్మిదితో భాగించమన్న మాటే నేను ఇప్పుడు మీకు చెప్తున్నాను.

అంచుల్లో క్లిప్పు పట్టే మందపాటి భాగం సాగదు కాబట్టి ఈ లెక్క మరీ ఖచ్చితంగా రాదు, మూడు నాలుగు సెంటీమీటర్లు అటూ ఇటూ వెతకండి. చాలు, దొరుకుతుంది.

కారణం దొరికాక శుభ్రం చేయడం. చైన్‌ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పి, రెండు వైపులా ఒక్కొక్కరు నిలబడి ప్రతి క్లిప్పు నోరూ చూడాలి. ఓవెన్ కిటికీల్లోంచి వేడిగాలి ఊదే నాజిల్ బాక్సుల మీద పేలికలు వేలాడుతున్నాయేమో చూడండి. లోపలికి వెళ్ళాల్సి వస్తే ఓవెన్ చల్లారాలి, లాక్ పడాలి, తాళంచెవి లోపలికి వెళ్ళేవాడి జేబులోనే ఉండాలి.

ఎక్కించే ముందు వేగం, వేడి సంగతి అర్థమవ్వాలి, ఇక్కడే కొత్తవాళ్ళు తికమకపడతారు. పాలీప్రొపిలీన్ 160 నుంచి 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరి ప్రీహీట్‌లో 175 పెట్టినా ఎందుకు కరగడం లేదు? గాలి వేడి వేరు, ఫిలిం వేడి వేరు. మా లైన్‌లో ప్రీహీట్ ఇరవై మీటర్లు. నిమిషానికి నాలుగు వందల మీటర్ల వేగంలో ఫిలిం అందులో మూడు సెకన్లు మాత్రమే ఉంటుంది, గాలి అంత వేడి దానికి ఎక్కేలోపే బయటపడుతుంది. ఎక్కించేటప్పుడు వేగం నిమిషానికి వంద మీటర్లు అనుకోండి, పన్నెండు సెకన్లు లోపల ఉంటుంది. అదే 175 ఉంచితే కరిగి జారిపోతుంది. అందుకని ఎక్కించేటప్పుడు ప్రీహీట్‌ని 160 దగ్గరికి దించి, ఫ్యాన్ల వేగం కూడా తగ్గిస్తాం. గాలి వేడి ఐదు నిమిషాల్లో దిగినట్టు స్క్రీన్ చూపిస్తుంది గానీ ఓవెన్ గోడలూ నాజిల్ బాక్సులూ అంత తొందరగా చల్లారవు. మా దగ్గర అంకె దిగాక ఇంకో పది నిమిషాలు ఆగుతాం. మీ ఓవెన్‌కి ఎంత కావాలో రెండు మూడుసార్లు చూసి కట్టుబాటుగా రాసి పెట్టుకోండి.

ఎక్కించడానికి నలుగురు కావాలి, టీడీఓ ఇన్‌లెట్‌లో ఇద్దరు, ఔట్‌లెట్‌లో ఇద్దరు. మాట్లాడేది ఒక్కరే, ఇన్‌లెట్‌లో ఆపరేటర్ సైడు నిలబడ్డవాళ్ళు. ఎండీఓ నుంచి వస్తున్న ఫిలింని ఇద్దరూ చెరో అంచు పట్టుకుని, ముడత లేకుండా, ఒకేసారి క్లిప్పులకి అందించాలి. ఒకరు ముందు, ఒకరు వెనక అయితే ఫిలిం ఏటవాలుగా లోపలికి వెళ్ళి ఒక వైపు చిరుగుతుంది. మా దగ్గర "ఒకటి, రెండు, వదులు" అంటాం. వదిలేదాకా అంచు బిగువుగా ఉండాలి. వేళ్ళు క్లిప్పుకి ఒక మూర దూరంలో ఆపెయ్యాలి. క్లిప్పు పంటికి ఫిలిం అయినా వేలు అయినా ఒకటే.

లోపల ఫిలిం విప్పుకుంటూ వెళ్తుంది. మొదట వచ్చేది చిరిగినా, చారలు చారలుగా ఉన్నా కంగారు పడకండి, పది మీటర్లు పోయాక చక్కబడుతుంది. ఔట్‌లెట్‌లో క్లిప్పులు విప్పుకున్న వెంటనే ఇద్దరూ చెరో వైపు నుంచి పోగు చేసుకుని, దుప్పటి మెలితిప్పినట్టు తాడులా చేసి, లాగే తాడుకి ముడి వెయ్యాలి. ఆ తాడు ఫిలింని పుల్ రోల్, మందం కొలిచే గేజ్, రంగు అంటుకునేలా ఫిలిం పైభాగాన్ని కరెంటుతో సిద్ధం చేసే కరోనా ట్రీటర్ మీదుగా వైండర్ దాకా తీసుకెళ్తుంది. ట్రీటర్‌ని ఈ లోపు ఆన్ చెయ్యకండి. గేజ్‌లో రేడియోధార్మిక మూలకం ఉన్న రకమైతే దాని నోట్లో చెయ్యి పెట్టడం ఎప్పుడూ వద్దు, చిక్కుకున్న ఫిలిం తీయడానికైనా సరే. ఆ రకానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, శిక్షణ పొందిన అధికారి ఉంటారు, ఆయన్ని పిలవండి. స్థిరవిద్యుత్తు కూడా గట్టిగానే ఉంటుంది. ఒక్కోసారి మోచేతి దాకా ఝల్లుమంటుంది, ఆ కుదుపుకి చెయ్యి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. యాంటీస్టాటిక్ బార్ పనిచేస్తోందో లేదో ముందే చూసుకోండి.

వైండర్ కోర్‌కి ఫిలిం అంటుకుని, అంచు బ్లేడ్లు దిగి, అంచు పట్టీలు గ్రైండర్‌లోకి సాఫీగా పోతున్నాయంటే సగం పని అయినట్టే. ఇప్పుడు వేగం పెంచాలి. ఎక్స్‌ట్రూడర్, చిల్ రోల్, ఎండీఓ, టీడీఓ అన్నీ కలిసే పెరుగుతాయి, అది మెషీన్ చూసుకుంటుంది. వేడి మాత్రం మనం చూసుకోవాలి. వంద నుంచి నూట యాభైకి, అక్కడ ఆగి, ఓవెన్ రెండు మూడు డిగ్రీలు పైకి, ఫిలిం చూడండి. మళ్ళీ రెండు వందలకి. ఒకేసారి వేగం పెంచి వేడి వెనకపడితే ఫిలిం చల్లగా లోపలికి వెళ్ళి తెగుతుంది. వేడి ముందే పెంచి వేగం వెనకపడితే కుంగిపోతుంది. రెండూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని మెట్లెక్కాలి. కిటికీ దగ్గర ఒకరు టార్చితో నిలబడి, ఫిలిం మధ్యలో బల్లపరుపుగా ఉందా, కుంగుతోందా, ఊగుతోందా చెప్తూ ఉండాలి. స్క్రీన్ ఎంత పెద్దదైనా ఆ కంటికి సాటి రాదు, ఇది నా గట్టి నమ్మకం.

వేగం అందుకున్నాక గేజ్ తెర మీద గీత కొండలూ లోయలుగా ఉంటుంది. వెంటనే డై చీలిక సందుని సర్దే బోల్టులు తిప్పకండి. పావుగంట ఆగండి, వేడి అంతా సర్దుకుంటే సగం కొండలు వాటంతట అవే దిగుతాయి. ఆటోమేటిక్ డై అయినా ఈ పావుగంట దాన్ని ఆఫ్‌లోనే ఉంచుతాను. మిగిలిన కొండకి ఏ బోల్టు కారణమో అంచనాతో చెప్పొద్దు. ఫిలిం ఎండీఓలో కొంచెం వెడల్పు తగ్గుతుంది, టీడీఓలో అంచులూ మధ్యా ఒకేలా సాగవు, అందుకని ముప్పయ్యో బోల్టు కింద ఉన్నది బయట ఎక్కడ తేలుతుందో, తొమ్మిదితో భాగించే సూటి లెక్కకి బోల్టు చెప్పగలిగేంత ఖచ్చితంగా అందదు. నెమ్మది వేగంలో ఉన్నప్పుడే, చిల్ రోల్ తర్వాత, ప్రతి పదో బోల్టుకి ఎదురుగా మార్కర్ పెన్ను ఒక క్షణం తాకించండి. ఆ గీత బయట ఎక్కడ వచ్చిందో వైండర్ దగ్గర కొలిచి పట్టిక రాసుకోండి. డై శుభ్రం చేసి మళ్ళీ బిగించినప్పుడల్లా ఈ పట్టిక కొత్తగా రాయాలి.

అదే పెన్నుతో ఇంకో పరీక్ష కూడా ఉంది. టీడీఓ ఇన్‌లెట్‌లో ఫిలిం మీద అడ్డంగా ఒక తిన్నని గీత గీసి వదలండి. బయటికి వచ్చేసరికి అది విల్లులా వంగి ఉంటుంది, అంచులు ముందుంటాయి, మధ్య వెనకపడుతుంది. వేడెక్కిన ఫిలిం మధ్యలో వెనక్కి లాగబడుతుంది, అంచులని క్లిప్పులు కదలనివ్వవు, అదీ కారణం. కొంచెం వంపు ఉండక తప్పదు. నిన్నటి కన్నా ఇవాళ ఎక్కువగా వంగిందంటే స్ట్రెచ్ అయ్యాక ఫిలింని వేడిలో కుదుటపరిచే అన్నీలింగ్ జోన్ వేడి, అక్కడ పట్టాలు కొంచెం దగ్గరికి వచ్చే రిలాక్సేషన్ వెడల్పు మారి ఉంటాయి. ఆ వంపు ఎక్కువైన ఫిలిం ప్రింటింగ్ వాళ్ళ దగ్గర రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోకుండా వేధిస్తుంది, మూల నుంచి మూలకి ముడుచుకుంటుంది.

కరోనా ట్రీట్‌మెంట్ సరిపోయిందో లేదో డైన్ పెన్నుతో (ఫిలిం మీద సిరా ఎంత బాగా నిలుస్తుందో చూపే పెన్ను) చూడండి, మా దగ్గర 40కి తక్కువైతే పంపం. వైండర్ మీద నిండిన పెద్ద చుట్ట, అంటే మిల్ రోల్, దిగాక స్లిట్టింగ్‌కి (చిన్న వెడల్పులుగా కోయడానికి) తొందరపడకండి, కనీసం ఒక రోజు నిలవ ఉండాలి, ఆ రోజంతా ఫిలిం లోపల సర్దుకుంటూనే ఉంటుంది.

చివరగా లాగ్‌బుక్. తెగిన టైము, ఆ నిమిషంలో వేగం, ప్రీహీట్, స్ట్రెచ్, అన్నీలింగ్ అంకెలు, చిరుగు నోరు ఏ సైడు నుంచి ఎన్ని సెంటీమీటర్లు, నోటి దగ్గర ఏం కనిపించింది, ఏం సరిచేశారు. ఇవి రాసి, చిరుగు నోరు ఉన్న అరచేతి అంత ముక్క కత్తిరించి, ఆ పేజీలోనే టేపుతో అంటించండి. తర్వాతి షిఫ్టు వాళ్ళకి పుస్తకం చేతికిచ్చేటప్పుడు ఆ పేజీ తెరిచి ఇవ్వండి.